లారీల సైటుకు తాళం

సాలూరులో మా నాన్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఒక వెబ్‌సైటు ఉంది. దాన్ని చూసుకునే పని, జీతం భత్యం లేకుండా, నాది. రాజాంలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పేదాన్ని, ఇంటి సైటు చూడలేనా అని అందరి ఉద్దేశం. ఒకరోజు రైసుమిల్లు మేనేజరు ఫోన్ చేశాడు. మా సైటు తెరిస్తే ‘సురక్షితం కాదు’ అని వస్తోందట. అలాంటిదాంట్లో సరుకు వివరాలు పెట్టొద్దని వాళ్ల పైవాళ్లు చెప్పారట. ఈ వారంలో బాగుచేయకపోతే లోడ్లు వేరే ఆఫీసుకు ఇచ్చేస్తాడట. ఆ మిల్లు లోడ్లు పోతే నాన్న షట్టరు దించుకోవడమే.

మందు చిన్నదే. ఎస్సెస్సెల్ సర్టిఫికెట్ పెట్టాలి. అప్పుడు మిల్లువాళ్లు పంపే వివరాలను దారిలో ఎవరూ చదవలేరు, పైన తాళం గుర్తు వస్తుంది. దాన్ని ఊరికే ఇచ్చేవాళ్లున్నారు. ఆ ‘ఊరికే’ దగ్గరే నాన్న పట్టుకున్నాడు.

“ఊరికే తాళం ఇచ్చినోడి కాడ ఇంకో తాళంసెవి ఉండదేటే?”

తాళంచెవి మన దగ్గరే ఉంటుందని, ఈ సైటు మనదేనని ధ్రువీకరించడమే వాళ్ల పని అని చెప్పాను. “లారీ ఫిట్‌నెస్ లాంటిది నాన్నా. గడువు లోపల మళ్లీ చేయించాల. అది దానంతటదే అయిపోయేలా పెడతాను.”

“బ్రేకు ఇన్‌స్పెట్రు రాకుండా ఫిట్‌నెస్సేటే!” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తాళం వచ్చింది. మర్నాడే మిల్లు మేనేజరు మళ్లీ ఫోన్. తాళం బాగుంది గానీ పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావొచ్చట. ఆఫీసు దగ్గర లారీ ఓనర్లందరిదీ ఒకటే మాట: “తాళం ఏసినకాడి నుంచి నెమ్మదైపోనాది.” ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఆ పేజీ పుట్టినప్పటి నుంచీ నత్తే. మా ఊళ్లో ఫ్లెక్సీ వేస్తే ఒక్క మొహం వదలకూడదు. వెబ్‌సైటునూ ఫ్లెక్సీ అనుకున్నారు. మొదటి పేజీలోనే ఓనర్లందరూ, నల్లకళ్లద్దాలతో, తమ తమ లారీల ముందు, గోడకు అంటించేంత ఫోటోల్లో. కొన్ని తీసేస్తానన్నాను.

“ఎవుడి పొటో తీస్తావో సెప్పు. ఆడు రేపు నా లోడుకి లారీ పెడతాడా?” అన్నాడు నాన్న.

ఒళ్లు మండినా అది నిజమే. తీయకుండా, ఒక్కొక్క ఫోటోనూ కుదించుకుంటూ కూర్చున్నాను. పేజీ చిటికెలో తెరుచుకుంది. ఒక ఓనరు, నాకు వరసకు మావ, “నా పొటో సిక్కిపోనాదేటే పిల్లా?” అని నిలదీశాడు. బరువు తగ్గించాను గానీ కొలత తగ్గించలేదు మావా అంటే నమ్మడే.

ఆ మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్. గొంతు మామూలుగా లేదు.

“ఒసే, మీ అమ్మ ఏదే?”

అమ్మ పోయి చాలా కాలమైంది. ఒక్క క్షణం భయపడ్డాను. సైటు తెరిచాక అర్థమైంది. పేజీ అడుగున, మొదటి లారీ కొన్నప్పటి ఫోటో ఉండేది. పసుపు రాసిన లారీ ముందు కొబ్బరికాయ పట్టుకుని అమ్మ. ఇప్పుడక్కడ ఖాళీ గడి. ఈ సైటు మొదట కట్టిన స్టూడియో మనిషి ఆ ఒక్క ఫోటోను మా దగ్గర పెట్టకుండా, తన పాత సైటు నుంచి తెప్పించేలా రాసి పోయాడు. ఆ సైటుకు తాళం లేదు. తాళం ఉన్న పేజీలోకి అలాంటి చోటు నుంచి వచ్చే బొమ్మను బ్రౌజరు రానివ్వదు.

“తాళం ఏసి మీ అమ్మని బయట ఉంచేసినావు. తీసీ ఆ తాళం. మిల్లోడు పోతే పోనీ.”

మిల్లు పోతే పోనియ్యాలట! నా తల ప్రాణం తోకకొచ్చింది. పైగా అసలు ఫోటో ఇంట్లో లేదు. ఒక తుపానుకు ఇల్లు కురిసి ఆల్బమంతా ముద్దయిపోయింది. స్టూడియో ఎప్పుడో మూసేశారు. ఆయన సైటైనా ఇంకా ఉందేమోనని ఆ పాత చిరునామా కొట్టాను. అమ్మ అక్కడే ఉంది. వెంటనే దించుకుని, మిగతావాటిలాగే కుదించి, మా సైటులోనే పెట్టి నాన్నకు ఫోన్ చేశాను.

“వచ్చినాది,” అన్నాడు. “గానీ ఒక్కపాలే వచ్చేస్తన్నాది.”

“వేగంగా రావాలనే కదా ఈ చావంతా!” అని అరిచాను.

“ఇదివరకు పైనుంచి మెల్లగా దిగీది. ముందు ఆకాశం, తర్వాత లారీ నెత్తి, ఆ తర్వాత మీ అమ్మ మొకం. టీ పట్టుకుని కూకునీవోడిని.”

నా కష్టం మీద నాకే చిరాకేసింది. కుదించినది తీసేసి, ఆ ఒక్క ఫోటోను పాత పెద్ద సైజులోనే పెట్టాను. అడుగున ఉంటుంది, మిల్లువాళ్లకు అడ్డం రాదు. పేజీల వేగం కొలిచే సైటు దాన్ని ఎర్రగా చూపించి తిట్టింది. తిట్టుకోనీ.

“ఇప్పుడు చూడు నాన్నా,” అన్నాను.

“ఉండే, ఇంకా లారీ నెత్తికాడే ఉన్నాది. మీ అమ్మ రానేదు.”

ఫోన్ పట్టుకుని నేనూ ఆగాను.