గుడ్‌విల్‌తో సహా అమ్మిన సెలూన్

వీధి వీధంతా అతన్ని గుండు మామయ్య అనే పిలిచేది. నలభై ఏళ్లు ఊరందరి జుట్టూ కత్తిరించిన మనిషికి తన తలమీద మచ్చుకైనా వెంట్రుక లేదు. మోకాళ్లు మొరాయించాక సెలూన్‌ను ఒక యువకుడికి అమ్మేశాడు. ఆ కుర్రాడికి ఇద్దరు పిల్లలు, ఈ షాపు తప్ప వేరే ఆధారం లేదు.

కాగితం రాసిన ప్లీడరు కుర్చీలకూ అద్దాలకూ ఒక ధర వేసి, గుడ్‌విల్‌కు వేరే వేశాడు.

"అదెక్కడుంది బాబూ? నలభై ఏళ్లలో షాపులో నేనెప్పుడూ చూళ్లేదే!"

"నీ మంచి పేరయ్యా. నిన్ను చూసి వచ్చేవాళ్లు ఇకమీదట ఇతని దగ్గరికొస్తారన్న నమ్మకం. దానికీ ధర కట్టాం కాబట్టి ఈ పేటలో నువ్వు కత్తెర పట్టకూడదు."

"పట్టను" అని సంతకం చేశాడు.

నెల తిరక్కముందే చేతులు దురదపెట్టాయి. రిటైరైన పోస్ట్‌మాస్టరు "నీ చెయ్యి పడితేనే నాకు హాయోయ్" అన్నాడు. అంతే, ఆయన పెరట్లో మొదలుపెట్టి పాత గిరాకీల ఇళ్లన్నీ తిరిగాడు. పైసా పుచ్చుకోలేదు. డబ్బు తీసుకోనిది వ్యాపారమెలా అవుతుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే మరి.

ఒక ఉదయం పోస్ట్‌మాస్టరు ఇంటినుంచి వస్తుంటే యువకుడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని సెలూన్‌కు తీసుకెళ్లాడు. లోపల మూడు కుర్చీలూ ఖాళీ.

"మామయ్యా, మీవాళ్లెవరూ రావట్లేదు. నా చేతిలో లోపమేంటో చెప్పండి. మీకు గడ్డం గీస్తాను, చూడండి."

తప్పించుకోలేక కూర్చున్నాడు. కత్తి మెత్తగా నడిచింది. లోపం వెతికాడు, దొరకలేదు. దొరికితే బాగుండునని అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మెడచుట్టూ కట్టిన గుడ్డ తీస్తూ యువకుడు ఆగిపోయాడు. మామయ్య చొక్కా చేతిమడతలో తెల్లటి తలవెంట్రుకల ముక్కలు. గుండు మనిషి చొక్కాకు వెంట్రుకలు! యువకుడు బ్రష్‌తో వాటిని నెమ్మదిగా దులిపాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మామయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

సంచిలోంచి కత్తెర తీసి అద్దం ముందు పెట్టాడు.

"ఇదీ నీదే నాయనా. అమ్మినప్పుడు ఇవ్వడం మర్చిపోయాను."

యువకుడు గోడమీది మేకుల్లో ఒకదాన్ని చూపించాడు.

"మొదటిరోజే చూశాను మామయ్యా, అదొక్కటే ఖాళీగా ఉంది. ఎన్నేళ్లు పట్టిన కత్తెరో, మీ దగ్గరే ఉండనీ అని అడగలేదు."

మామయ్య లేచి కత్తెరను ఆ మేకుకే తగిలించాడు. పక్కవీధిలో జుట్టు కత్తిరిస్తాడని తనకోసం కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలి కాంపౌండరును చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకురావడానికి బయల్దేరాడు. వెళ్తూ అద్దంలోకి మాత్రం చూసుకోలేదు.