దుబాయ్‌కి పోయిన ఓటీపీ

2022 వానాకాలం. కరీంనగర్ బస్టాండుకు కొంచెం అవతల, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీయే కానీ అందరం కలిపి పదిమందికి మించం. రైస్ మిల్లులకు, బడులకు, ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేవాళ్లం. అక్కడ నేనే సీనియర్ డెవలపర్‌ని. మా ఊరు బెల్లంపల్లి, బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. మా ఇంట్లో కంప్యూటర్ చదువు చదివింది నేనొక్కదాన్నే. ఆ పని నాకంటే బాగా ఇంకెవరికీ రాదని గట్టిగా నమ్మేదాన్ని.

రఫియా నా తర్వాత రెండేళ్లకు చేరింది. టెస్టర్‌గా వచ్చింది. అంటే మేం రాసినదాన్ని అటూ ఇటూ నొక్కి చూసి తప్పులు పట్టుకునే పని. వాళ్ల నాన్నకు జగిత్యాలలో గాజుల దుకాణం ఉంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఎవరు ఎదురైనా టీ చల్లారేలోపు చుట్టరికం కలిపేస్తుంది. దాచడమెందుకు, మొదటి నుంచీ ఆమెను చూస్తే నాకు ఒళ్లు మంట. నెలల తరబడి తల వంచుకొని నేను ప్రోగ్రాం రాస్తే, దాన్ని క్లయింట్‌కు చూపించే డెమోకు మా ఎండీ మల్లేశం సార్ ఆమెను పంపేవారు. వండింది నేను, వడ్డించింది ఆమె. తిన్నవాళ్లు ఆమెనే మెచ్చుకునేవాళ్లు.

ఆ వానాకాలంలోనే సార్ టీమ్ లీడ్‌ని పెడతానన్నారు. క్లయింట్‌తో మాట్లాడి, పని పంచి, ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సిన మనిషి టీమ్ లీడ్. దసరా అయ్యాక పేరు చెబుతానన్నారు. ఆ కుర్చీ నాదే అని నేను ఖాయం చేసుకున్నాను. ఫోన్‌లో ఇంటికి చెప్పేశాను కూడా. మా అవ్వ వాడకట్టంతా చాటింపు వేసింది.

సరిగ్గా అప్పుడే ఒక ల్యాబ్ పని వచ్చింది. రక్తపరీక్షలు చేసే ల్యాబ్, ఊళ్లో బాగా నడిచేది. యజమానురాలు డాక్టరమ్మ. పొద్దున రక్తం ఇచ్చిన వాళ్లు సాయంత్రం రిపోర్టు కోసం మళ్లీ రావడం, వచ్చి కౌంటర్ ముందు తోసుకోవడం ఆమెకు తలనొప్పిగా ఉండేది. రిపోర్టు ఫోన్‌లోనే చూసుకునేలా చేయమంది. నేను చేసి పెట్టాను. పేషెంటు మొబైల్ నంబర్ ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే రిపోర్టు తెరుచుకుంటుంది. ఆ నంబరే ప్రైమరీ కీ. అంటే వేలమందిలో ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరుచేసి గుర్తుపట్టే వివరం. నంబర్ ఒకటంటే మనిషి ఒకరు. చూడముచ్చటగా ఉంది, నాకు నేనే మురిసిపోయాను.

ల్యాబ్‌లో వాడకం మొదలైన వారానికే డాక్టరమ్మ సార్‌కు ఫోన్ చేసింది. స్పీకర్‌లో మేమందరం విన్నాం.

"మల్లేశం గారూ, మీ సాఫ్ట్‌వేర్ తీసుకపోండ్రి. మునుపు సాయంత్రమే గుంపుండేది. ఇప్పుడు ఫోన్‌ల రిపోర్టు వస్తలేదని పొద్దంత గుంపే. మాకు కాయితాలే మంచిగుండె."

సార్ నన్ను వెళ్లమన్నారు. రఫియాను తోడు తీసుకెళ్లమన్నారు. తోడెందుకని మొహం మాడ్చుకునే వెళ్లాను. ఈ పని చెడితే లీడ్ పోస్టు ఆశ ఉండదని నాకు తెలుసు.

ల్యాబ్‌లో ఒక మూల కూర్చుని లాగ్స్ తెరిచాను. ప్రోగ్రాం ఏ క్షణాన ఏం చేసిందో అదే రాసిపెట్టుకునే చిట్టా అది. ప్రతి ఓటీపీ పంపినట్టు, అవతల ఫోన్‌కు చేరినట్టు ఉంది. సర్వర్ బాగుంది. నెట్ బాగుంది. "నా వైపు తప్పేం లేదు, వీళ్లకే వాడడం రాదు" అని తేల్చేసి, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి మొదటి నుంచీ మళ్లీ నేర్పడం మొదలుపెట్టాను.

రఫియా బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీయనే లేదు. హాల్లో ఆడవాళ్లు కూర్చున్న బెంచీ మీద జరిగి చోటు చేయించుకుంది. కాసేపటికి చూస్తే ఎవరి పసిపిల్లో ఆమె ఒళ్లో ఉంది. పక్కావిడ జామకాయ ముక్క చేతిలో పెడుతోంది. నేను పొద్దున్నుంచి అక్కడే ఉన్నాను, మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పని చేయమని పంపితే ముచ్చట్లు పెట్టుకుని కూర్చుంది, ఈ సంగతి సార్‌కు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. అప్పుడు వాళ్ల మాటలు చెవిన పడ్డాయి.

"మెసేజ్ రాలేదా అక్కా?" రఫియా అడుగుతోంది.

"రాలేదమ్మా. నిన్నటి రిపోర్టుకు పొద్దటి సంది సూస్తున్న."

"నంబర్ ఎవలది ఇచ్చినవు?"

"మాదే. మా ఇంటాయనది."

"ఆయన ఏడున్నడు?"

"దుబాయ్‌ల."

నా చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

రఫియా మాత్రం ఆగలేదు. "మరి నీ చేతుల ఉన్న ఫోన్ నంబర్ ఇయ్యకపోయినవా?"

"గిది పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు కొన్నది. నంబర్ అంటే అదే గదా. బ్యాంకుల అదే, గ్యాసుకు అదే, ఆధార్‌కు అదే. మెసేజ్ ఆయనకు పోయినట్టుంది. డ్యూటీల ఫోన్ పట్టనియ్యరు. రాత్రి రూముకు వచ్చినంక చెప్తడు."

ఆయన రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పేసరికి ఓటీపీ గడువు ఎప్పుడో అయిపోతుంది. అంతటితో అయిపోలేదు. ఆవిడ పక్కనే వాళ్ల అత్తగారు కూర్చుని ఉంది. ఆమెకూ షుగర్ పరీక్ష చేశారు, ఆమె ఇచ్చిందీ అదే నంబర్. నా ప్రోగ్రాం లెక్కలో అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే మనిషి. అత్త షుగర్ కోడలి పేరు కింద కనిపిస్తోంది. బెంచీ మీద ఉన్నవాళ్లలో సగం మంది ఇళ్ల సంగతి ఇంచుమించు ఇదే. ఒకరి భర్త మస్కట్‌లో, ఒకరి కొడుకు దోహాలో. ఊరు విడిచి వెళ్లినా ఇండియా సిమ్‌ను మాత్రం తీసేయరు, ఇంటికి సంబంధించినవన్నీ దానిమీదే ఉంటాయి కాబట్టి.

గల్ఫ్ సంగతి నాకు తెలియదా? కరీంనగర్‌లో ఉంటూ తెలియకపోవడమేంటి. కానీ మా బెల్లంపల్లిలో షిఫ్ట్ దిగిన మనిషి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు, ఫోన్ అతని జేబులోనే ఉంటుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు నా కళ్లముందున్న ఇల్లు అది.

రఫియా నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "సరితక్కా, మెసేజ్ ఎవలకు పోవాలె అని కౌంటర్ల ఒక్క మాట అడుగుతె అయిపాయె. ఫికర్ చెయ్యకు, ఇది నీ కోడ్ తప్పు గాదు."

ఓదార్పు మాటే. నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టు అనిపించింది.

ఆఫీసుకొచ్చి మళ్లీ రాశాను. ప్రతి మనిషికీ విడిగా ఒక పేషెంట్ ఐడీ పెట్టి, మెసేజ్ ఎవరికి పంపాలో అడిగే గడి ఒకటి చేర్చాను. అప్పటికే ఉన్న రికార్డుల్లో ఒక్కటి కూడా చెడిపోకుండా ఈ మార్పు చేయడం చిన్న పని కాదు, ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. డాక్టరమ్మకు అది తెలియలేదు. గుంపు తగ్గిన రోజున సార్‌కు ఫోన్ చేసి, "ఇంకముందు ఏదున్నా ఆ రఫియానే పంపుండ్రి" అంది.

దసరా అయ్యాక సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"సరితా, కోడ్‌ల నీ అంత మనిషి నాకు దొరకదు. లీడ్ మాత్రం రఫియాకు ఇస్తున్న. క్లయింట్‌కు కోడ్ కనపడది. తన బాధ విన్న మనిషి కనపడుతది."

"సరే సార్" అన్నాను. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. అవ్వకు ఏం చెప్పాలో తోచక ఆ వారమంతా ఇంటికి ఫోన్ చేయలేదు. రఫియా స్వీట్లు పంచితే నా ముక్క టేబుల్ మీదే వదిలేశాను.

చీమలు పట్టిన ఆ స్వీటు చూస్తూనే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి అప్లికేషన్ పెట్టాను. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. అవతల ఒక మేడమ్. నా వృత్తిలో ఎదురైన కష్టమైన సమస్య ఒకటి చెప్పమంది. ఒక రైస్ మిల్లు ప్రోగ్రాంను నేనెంత వేగంగా నడిచేలా చేశానో చెప్పాను. మర్యాదగా విని, "వాడేవాళ్ల వైపు నుంచి వచ్చిన సమస్య ఏదైనా ఉందా?" అంది. ఎంత వెతుక్కున్నా నాకు ల్యాబ్ సంగతి తప్ప ఇంకొకటి దొరకలేదు. అదే చెప్పాను. బెంచీ దగ్గరికి వచ్చేసరికి "నేను అడిగాను" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. హైదరాబాద్‌లో ఎవరు చూడొచ్చారు? కానీ ఆ మాట పెగల్లేదు. "మా కొలీగ్ వెళ్లి అడిగింది, నేను రాశాను" అన్నాను.

ఆ మేడమ్ మొహం మొదటిసారి వెలిగింది. "ఆ కొలీగ్ ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నారా? నంబర్ ఇవ్వగలరా?"

"ఆమె రాదండీ. మా టీమ్ లీడ్" అనేశాను. హైదరాబాద్ ఉద్యోగం ఆశ అక్కడితో సరి.

మర్నాడు టీ బండి దగ్గర ఉక్రోషంతోనే ఈ కథంతా రఫియాకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. గ్లాసు పక్కన పెట్టింది.

"రాదని నువ్వెట్ల చెప్పినవక్కా? జర నన్నొక మాట అడగాలె గదా."

"పోతవా మరి?" అన్నాను.

"ఏమో. ఆలోచించి చెప్త. వాళ్ల నంబర్ ఇయ్యి."

ఇచ్చాను. ఆమె పోతే లీడ్ పోస్టు నాదే, నేను ఎగిరి గంతేయాలి. కానీ ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. ఆమె వెళ్లిపోతే రేపు ఏ బెంచీ దగ్గర ఎవరు కూర్చుంటారు, నేను రాసే ప్రోగ్రాంలో ఎవరి ఇల్లు తప్పిపోతుందో నాకు చెప్పేదెవరు అని ఒకటే దిగులు. ఆమెను చూసి నేను ఏడ్చింది కుర్చీ కోసం కాదని అప్పుడు తెలిసింది. ఆమెకు వచ్చింది, నాకు రానిది, ఆ అడగడం కోసం.

మూడో రోజు తనే వచ్చి చెప్పింది. "పోతలేనక్కా. వాళ్ల క్లయింట్లు ఏడ ఉంటరని అడిగితే వాళ్లకే తెల్వదన్నరు. ఇగ నేనెవల పక్కన కూసోవాలె?"

"నీ ఇష్టం" అన్నాను పైకి. కోడ్ రాయడం కాలేజీలో నేర్చుకున్నాను. రాసే ముందు వెళ్లి అడగడం మాత్రం, చూస్తే ఒళ్లు మండే మనిషి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు క్లయింట్ల దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఒళ్లు మండడం తగ్గిందా అంటే, లేదు.