ఎనిమిదో నంబరాయన

మా ఆఫీసులో అందరికంటే నా కళ్ళే చురుకైనవని నేనే చెప్పుకుంటాను. ఇంకొకరు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియోలు చూసి బంతి ఎవరి కాలి నుంచి ఎవరికి వెళ్ళింది, మధ్యలో పోతే ఎవరి తప్పు వల్ల పోయింది అన్నది ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో ఎక్కించడం మా పని. యూరప్‌లో రాత్రి ఆడిన ఆటలో తప్పొప్పులు మర్నాడు హన్మకొండలో తేలతాయంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు.

చేరేనాటికి నేను ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా చూసి ఎరగను. కొత్తవాడలో మా నాన్న జంపఖానాలు నేస్తాడు. మగ్గం పక్కన కూర్చుని రంగు తప్పిన పోగు పట్టి చూపించడం చిన్నప్పటి నుంచీ నా పని. ఇంటర్వ్యూలో ఒక వీడియో పెట్టి, ఆ గుంపులో బంతి తన్నింది ఎవరని అడిగారు. మిగతావాళ్ళు ఆపి ఆపి చూస్తుంటే నేను ఆపకుండానే చెప్పాను. ఉద్యోగం అక్కడే ఖాయమైంది.

నాకిచ్చింది రుమేనియా రెండో డివిజన్ జట్టు ఒకటి. అందులో ఎనిమిదో నంబరు చొక్కా వేసుకునే మిడ్‌ఫీల్డర్ ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు పెద్ద క్లబ్బుకే ఆడాడట. మోకాలు దెబ్బతిన్నాక ఆ జట్టూ ఈ జట్టూ తిరిగి, చివరికి పుట్టిన ఊరి జట్టుకే వచ్చి చేరాడు. నేను చూసేసరికి ముప్పై దాటాడు, ముందు జుట్టు పలచబడింది. గోల్స్ కొట్టడం ఆయన పని కాదు. వెనక నుంచి బంతి అందుకుని, ముందు ఎవరికి వీలుంటే వాళ్ళకు అందించేవాడు. బంతి రాకముందే రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకునేవాడు కాబట్టి ఎప్పుడూ తొందర పడేవాడు కాదు. మూడు సీజన్ల పాటు ఆయన వేసిన ప్రతి అడుగూ చూశాను. ఆయన పెళ్ళాం కూడా అంత చూసి ఉండదు. ఆఫీసువాళ్ళు "ఇయ్యాల మీ ఆయన ఆడుతాండా?" అని ఏడిపించేవాళ్ళు. "ఆడకపోతే మీకు పనేముంటది?" అనేదాన్ని.

ఒకసారి నాన్నకు ఫోన్‌లో ఆయన ఆట చూపించాను. కాసేపు చూసి పెదవి విరిచాడు.

"గోలే కొట్టనోనికి జీతమెందుకు బిడ్డా?"

"నువ్వు జంపఖానలు నేస్తవ్. పెండ్లిళ్ళల్ల వాటి మీద కూసునేది నువ్వేనా?"



నాలుగో సీజన్‌లో ఆయన నెమ్మదించాడు. ఇంకెవరికి ఎప్పుడు తెలిసిందో గానీ, నాకు రెండో మ్యాచ్‌లోనే తెలిసిపోయింది. చూపు అదే, ఆలోచన అదే, కాలే అర క్షణం వెనకబడేది. సరిగ్గా అప్పుడే మా టీమ్ లీడర్ ఒక మాట చెప్పాడు. ఆయన్ని మేమంతా అన్నా అని పిలుస్తాం. మేము పంపే వివరాలు ఆ క్లబ్బు కూడా తీసుకుంటోందని, వాటిని బట్టే సీజన్ చివర ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చుకుంటారని చెప్పాడు. ఎనిమిదో నంబరాయన కాంట్రాక్టు ఆ ఏడాదితోనే అయిపోతుంది. నాకు భయం వేసింది.

మా పనిలో ఒక చిక్కుంది. ఇచ్చిన బంతి చేరకపోతే తప్పు ఇచ్చినవాడిదా, అందుకోవలసినవాడిదా అన్నది మేమే తేల్చాలి. ఒక్కోసారి ఎటూ తేలదు. అలాంటి చోట్ల నేను తప్పును అందుకోవలసినవాడి మీదకి నెట్టడం మొదలుపెట్టాను. మొదట ఒకటీ రెండూ, తర్వాత అదే అలవాటైంది. అబద్ధం రాస్తున్నానని ఏనాడూ అనుకోలేదు. నా కళ్ళ మీద నాకంత నమ్మకం మరి.

అన్న అప్పుడప్పుడు ఒకే మ్యాచ్‌ను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, రెండూ పోల్చి చూస్తాడు. ఎవరికిచ్చాడో ముందు చెప్పడు. ఒకరోజు మధ్యాహ్నం డబ్బా విప్పబోతుంటే నన్ను పిలిచాడు. రెండు లిస్టులు పక్కపక్కన పెట్టాడు. తేడా వచ్చిన ప్రతిచోటా ఎనిమిదో నంబరే ఉంది.

"నీ కండ్లకేమైంది చెల్లె?"

"నా కండ్లకేం కాలేదన్నా. ముందటోడు ఉరకలే, అందుకే బాల్ పోయింది."

అన్న వీడియో పెట్టి, నేను ఎప్పుడూ ఆపేసే చోట ఆపకుండా ఇంకో రెండు క్షణాలు నడిపించాడు. బంతి పోయిన తర్వాతి క్షణాలవి, మా పనికి అక్కరలేనివి. ఎనిమిదో నంబరాయన తన ముందున్న ఆటగాడి వైపు చూసి చెయ్యి పైకెత్తాడు. మైదానంలో తప్పు ఒప్పుకోవడం అలాగే. ఇంకో చోట పెట్టాడు. అక్కడా చెయ్యెత్తాడు.

"నాదే తప్పని ఆయనే చెయ్యి లేపుతాండు. నువ్వు కాదంటే ఎట్ల?"

సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆయన కోసం చేస్తున్నాననుకుని ఆయన మాటనే కొట్టిపారేశాను. పైగా నేను తప్పు మోపినవాళ్ళు కూడా ఆ ఆట మీదే బతికేవాళ్ళు. వాళ్ళకూ కాంట్రాక్టులు ఉంటాయని నాకు ఒక్కసారైనా తట్టలేదు.

"సీజన్ మొత్తం మళ్ళ చూస్త అన్నా."

"మొత్తమా? ఎవలడిగిండ్రు?"

"ఎవలడగలే."

రోజూ ఓ గంట ముందు వచ్చి మొదటి మ్యాచ్ నుంచి మళ్ళీ చూశాను. అన్న చెప్పింది సగమే నిజమని అప్పుడు తెలిసింది. ఆయన చెయ్యెత్తిన ప్రతి తప్పూ ఆయనది కాదు. కొన్నిచోట్ల పక్కవాడి తప్పు కూడా తన నెత్తిన వేసుకున్నాడు. అవి పక్కవాళ్ళవిగానే ఉంచాను. ఆయనవి ఆయనకు రాశాను, అవే ఎక్కువ. రాస్తుంటే ఏడుపొచ్చింది, అయినా రాశాను.

చివరి మ్యాచ్‌కు ముందే క్లబ్బు ఆయన్ని వదులుకుంటున్నట్టు చెప్పేసింది. నేను సరిచేసినందుకే పంపేశారో, ఎలాగైనా పంపేవారో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ మ్యాచ్ కూడా నాకే వచ్చింది. ఆట చివర్లో ఆయన ఇద్దరి మధ్య నుంచి ఒక బంతి పంపాడు. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేని ఫార్వర్డ్ కాలి దగ్గరకు అది నడిచి వెళ్ళినట్టు వెళ్ళింది. వాడు దాన్ని గోల్ పైనుంచి తన్నేశాడు. వీడియో ఇంకో రెండు క్షణాలు నడిపించి చూశాను. ఈసారి ఆయన చెయ్యెత్తలేదు. పాస్ సరైనది, తప్పు తన్నినవాడిది అని ఎక్కించాను. ఆ మ్యాచ్‌ను అన్న ఇంకొకరికి కూడా ఇచ్చాడో లేదో నేను అడగలేదు. ఎవరికిచ్చినా అదే రాస్తారు.