మూడు నిమిషాల ముందు గట్టిమేళం

నేను పదో తరగతి చదివిన ఏడాది మా నాయన పరువు నిండు పెళ్లిలో తీసేశాను. అది నా వల్లేనన్న సంగతి ఇన్నేళ్లూ మా ఇద్దరికే తెలుసు.

నాయన సన్నాయి వాయిస్తాడు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆయనకు ఒకటే పేరు: ముహూర్తం తప్పని మేళం. డోలు కొట్టే మా పెదనాయనకు భుజం పట్టేయడంతో ఆ డోలు నా మెడలో పడింది. "ఆడపిల్ల డోలు కొడతదా!" అని ముక్కున వేలేసుకున్నవాళ్లే తర్వాత నాకు రెండో లడ్డూ వేసేవాళ్లు. పెళ్లిళ్ల కాలమంతా బస్సుల్లోనే నా చదువు. సోషల్ మ్యాపులు డోలు సంచి మీద పెట్టి గీసేదాన్ని, బస్సు కుదుపులకు నదులన్నీ వంకరపోయేవి. "కృష్ణ గిట్ల కూడా పారుతదా తల్లీ?" అని మా సార్ క్లాసంతా నవ్వించాడు. కొల్లాపూర్ వైపు పోతే తిన్నన్ని మామిడిపళ్లు. నాకు ఆ తిరుగుడంతా పండగే.

ఆ రోజు బీచుపల్లిలో పెళ్లి. ముహూర్తం పదీ నలభైకి. ఒంటిగంటకు వనపర్తిలో మా బడి ఖో-ఖో ఫైనల్. జట్టులో అందరికంటే బాగా ఉరికేది నేనే. నేను రాకపోతే ఓడిపోతామని స్నేహితురాళ్లు ముందే ఏడుపు మొదలుపెట్టారు. "జీలకర్ర బెల్లం కాంగనే బండి మీద దించొస్త. పరేషాన్ గాకు బిడ్డా" అన్నాడు నాయన.

మా మేళంలో ఒక కట్టుబాటు ఉంది. పంతులు చేయెత్తి నాయనకు సైగ చేయాలి, నాయన నాకు కనుసైగ చేయాలి, అప్పుడే గట్టిమేళం. డోలు మనిషి పంతులును చూడకూడదు. నేను చూశాను. మనసంతా ఆట మీద ఉంది మరి! పంతులు చేయెత్తాడు. ఎత్తింది అడ్డంగా నిలబడ్డ ఫోటోగ్రాఫర్‌ను జరగమనడానికి. నేను డోలు దంచేశాను.

ఇంకేముంది! అక్షింతలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. తెర పట్టుకున్నవాళ్లు తెర వదిలేశారు. పెళ్లికొడుకు జీలకర్ర బెల్లంతో చేయి లేపాడు. పంతులు ఆ చేయి గట్టిగా పట్టుకుని, "ఆగు బాబూ, ఆగు! ఇంకా మూడు నిమిషాలుంది!" అని అరిచాడు. పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. ఆమె తాత మాత్రం నవ్వలేదు.

"శుభమా అని పెండ్లి చేస్తుంటే గిదేం పని? ఎవరయ్యా మేళం కొట్టుమన్నది?"

నేను నోరు తెరిచేలోపే నాయన సన్నాయి కింద పెట్టి, చేతులు కట్టుకుని లేచాడు. "తప్పు నాదే పెద్దయ్యా. నేనే సైగ చేసిన. పిల్లకేం తెల్వదు."

పెద్దాయన నాయనను నానా మాటలూ అన్నాడు. నాయన తల దించుకుని విన్నాడు. పంతులు గబగబా ఇంకో పళ్లెం అక్షింతలు కలిపించాడు. పెళ్లి నిక్షేపంగా జరిగింది.

బండి హైవే ఎక్కాక నాకు ఏడుపు ఆగలేదు. "ఎనక్కి పోదాం నాయనా. నేనే కొట్టిన అని చెప్త."

"చెప్తే ఏమైతది? నన్ను తిట్టిండ్రు, రేపటికి మరిచిపోత. గవే తిట్లు నువ్వు పడితే మళ్ల డోలు ముట్టుకుంటవా? ముందుగాల కండ్లు తుడుచుకో. ఆట ఉన్నది."

ఆట గెలిచాం. నాయన జట్టంతటికీ మిర్చి బజ్జీలు తినిపించాడు. ఆ ఇంట్లో రెండో పిల్ల పెళ్లికి మాత్రం మమ్మల్ని పిలవలేదు. నాయన ఆ మాట ఎత్తనే లేదు. ఈ రోజు నా చేతిలో డోలు పుల్ల ఉందంటే ఆయన పడ్డ ఆ తిట్ల వల్లే. తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. నాయనకు చూపు మందగించింది, పంతులు చేయి సరిగ్గా ఆనదు. అందుకని పంతులును నేనే చూస్తాను, నాయన నన్ను చూస్తాడు; నేను తలెత్తితే గట్టిమేళం. పోయిన నెల నాగర్‌కర్నూల్ పెళ్లిలో, నేను చెమట తుడుచుకోవడానికి తలెత్తితే అదే సైగ అనుకుని నాయన సన్నాయి మీద గట్టిమేళం అందుకున్నాడు. మళ్లీ అక్షింతలు లేచాయి. పెళ్లిపెద్ద కోపంగా మా వైపు వచ్చాడు. నాయన సన్నాయి కింద పెడుతున్నాడు.

నేను అంతకంటే ముందే లేచి చేతులు కట్టుకున్నాను. "తప్పు నాదే పెద్దయ్యా. నేనే సైగ చేసిన."