బుఖారీకి దూరపు అంచు

మేం మంచుకొండల మీది ఆ సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పన్నెండు వేల అడుగుల ఎత్తు. ఎండ ఉంది, వేడి లేదు. వీపున మూట, భుజాన రైఫిలు, రెండు జతల చేతి తొడుగులు. మొదటి ఆదేశం వెంటనే వచ్చింది: పరుగెత్తొద్దు, తొడుగులు విప్పొద్దు.

ఊళ్లో అందరూ నన్ను "తుపాకీ ఎన్నిసార్లు పేల్చినవన్నా?" అని అడుగుతారు. నేను అక్కడ ఎక్కువగా పట్టుకున్నది పూల్ ఆడే కర్ర. నవ్వితే నవ్వండి.

రేకుల గదిలో ఒక పాత పూల్ బల్ల ఉండేది. కర్రతో తెల్లబంతిని కొట్టి, దానితో రంగు బంతుల్ని పాకెట్లలో వెయ్యాలి, అదే ఆట. పక్కనే బుఖారీ, అంటే కిరోసిన్ పొయ్యి. దాని వైపు అంచు రబ్బరుకు తగిలిన బంతి ఎగిరి వచ్చేది. దూరపు అంచు రబ్బరు చలికి బిగుసుకుపోయి, బంతి దాదాపు అక్కడే ఆగిపోయేది.

రేడియో ఆపరేటర్ మంజీర నది అవతలి మరాఠీవాడు. వాళ్ల నాన్న ఏటా చెరుకు కొట్టే ముఠాతో మా బోధన్ వచ్చేవాడట. అందుకే మా తెలుగు మాకంటే జోరుగా మాట్లాడేవాడు.

"బోధనోనివా? మీ చెరుకు ఎంత దొంగతనంగ తిన్ననో ఎరుకేనా!" అన్నాడు మొదటి రోజే.

ఆ చలికాలం మంచుగాలికి ఏంటెన్నా తీగ తెగింది. తొడుగుతో ముడి పడదని వాడు ఎడమచేతి తొడుగు విప్పాడు. తీగ కట్టాడు, రేడియో సెట్టు పలికింది. ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం మొద్దుబారి, కొనలు నల్లబడ్డాయి. మంచు కరిగి దారి తెరుచుకున్నాక కింది నుంచి డాక్టర్ వచ్చి చూస్తాడన్నారు. చెయ్యి పనికిరాదంటే రేడియో తీసేసుకుని వాణ్ని సామాన్ల స్టోర్‌లో వేస్తారు.

"సెట్టు లేకుంట నేనేం జెయ్యాలె? దుప్పట్లు మడతపెట్టుకుంట కూసోవాల్నా?" అన్నాడు.

చెయ్యి సాధన కోసం ఆటకు దిగాడు. కర్ర జారేందుకు ఎడమ అరచేతికి, వేళ్లకు పౌడరు రాసుకుని, బల్ల మీద పరిచి, కర్రను దాని మీద ఆనించేవాడు. ఆ రెండు వేళ్ల కొనలు బల్లకు ఆనేవి కావు, గట్టిగా కొట్టలేడు. నేనేమో ఫాటుమని కొట్టేవాణ్ని.

"అన్నా, రంగుది పడ్డది సరే. తెల్లది ఏడికి వోయిందో సూడు!" అనేవాడు. నిజమే, అది నాకు తర్వాతి దెబ్బ అందని చోటికి పోయి నిలబడేది. తన వంతు వస్తే రంగు బంతిని మెల్లగా తాకించి, తెల్లదాన్ని దూరపు అంచుకు ఆనించి, దాని ముందు ఇంకో బంతి అడ్డుండేలా ఆపేవాడు.

"ఇగ కొట్టు."

"గిదేం ఆటరా! నువ్వూ వెయ్యవ్, నన్నూ వెయ్యనియ్యవ్!"

"సేఫ్టీ అంటరు దీన్ని. ఓపిక లేనోనికి మంటెక్కుతది."

మంటెక్కింది కూడా. కర్ర విసిరేశాను. మర్నాడు మళ్లీ నేనే బంతులు పేర్చాను. బల్లకు పరిచిన గుడ్డ మీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, తెల్లబంతి అందులోనే ఆగాలని ఇద్దరం పట్టుబట్టాం. డ్యూటీ దిగడం, బల్ల దగ్గరికి పోవడం. చలికాలమంతా అంతే.

డాక్టర్ వచ్చాడు. వేళ్లు చూసి నాలుక చప్పరించాడు. "స్టోర్ డ్యూటీ."

"సాబ్, నాతో ఒక ఆట ఆడి చెప్పండి" అన్నాడు ఆపరేటర్. డాక్టర్ నవ్వి, కోటు విప్పాడు.

ఆయన మంచి ఆటగాడే. అయినా మావాడు తెల్లబంతిని మళ్లీ మళ్లీ ఆ చల్లటి అంచుకే ఆనించాడు. డాక్టర్ కొట్టాడు, తప్పాడు, తిట్టుకున్నాడు. చివరికి మావాడు, ఆట ముగించే నల్లబంతిని మెల్లగా పాకెట్‌లోకి తోశాడు.

డాక్టర్ ఆ చేతిని చాలాసేపు పట్టుకుని చూశాడు. "రేడియో నీదే. కానీ ఇక్కడ కాదు. ఇంకో చలి తగిలితే ఈ వేళ్లు పోతాయి. బంతిని ఎక్కడ ఆపాలో నీకు తెలుసుగా? నిన్ను నేను కింది క్యాంపులో ఆపుతున్నా."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సంతోషమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

వాడు దిగిపోయిన మర్నాడు కొత్త ఆపరేటర్ నన్ను పిలిచి రిసీవరు చేతికిచ్చాడు.

"బోధనోడా, తెల్లది ఏడ ఉన్నది? ఓవర్."

"అంచుకే ఉన్నది. ఓవర్" అన్నాను.

ఇప్పుడు సైన్యం నుంచి వచ్చేసి ఇంటి దగ్గరే ఉంటున్నాను. నిజామాబాద్ వెళ్లినప్పుడు పూల్ పార్లర్‌లో ఒక ఆట ఆడతాను. ఎండాకాలం అన్ని అంచులూ వేడే, బంతి ఒక పట్టాన ఆగదు. "గట్టిగ కొట్టన్నా! గిట్లయితే ఎప్పుడు గెలుస్తవ్?" అంటారు పిల్లలు. నేను మెల్లగానే కొడతాను.

వాడు వెళ్లిపోయిన రోజు ఆ పచ్చగుడ్డ మీద వాడి ఎడమచేతి పౌడరు ముద్ర మిగిలింది. మూడు వేళ్లు నిండుగా, రెండు సగం వరకే. మేమెవ్వరం దాన్ని తుడవలేదు. అక్కడ చెయ్యి పెట్టకుండానే ఆడాం, మేం దిగేదాకా.