మామగారికి హ్యాజ్ పెట్టాలట

పెళ్లయ్యాక ఎంబీఏ చదవాలని బుద్ధి పుట్టి, ఐసెట్ కోసం ఇంగ్లీషు గ్రామర్ బిట్లు ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ రోజు మధ్యాహ్నం మా అత్త ఊరగాయకు మామిడికాయలు కోస్తుంటే, పక్కనే కూర్చుని చేశాను. 'మామగారు వచ్చారు' అనే అర్థం వచ్చే వాక్యంలో హ్యావ్ పెట్టాను. తప్పు, హ్యాజ్ పెట్టాలి అన్నాడు పుస్తకం వాడు. నేను పైకే తిట్టేసరికి అత్త ఏమైందని అడిగింది.

"ఒక్కరైతే హ్యాజ్, పదిమందైతే హ్యావ్ అంట అత్తా. మర్యాదకని మామకు హ్యావ్ పెడితే మార్కు పాయె."

"మరి నేనొస్తే?"

"హ్యాజే."

"మన కుక్కొస్తే?"

"దానికీ హ్యాజే."

అత్త కత్తి కింద పెట్టేసింది. "ఈడ మీ మామొస్తే 'వచ్చినారు'. నేనొస్తే 'వచ్చింది', కుక్కొస్తే 'వచ్చింది'. ఇన్నేండ్లూ నేనూ కుక్కా ఒక జట్టు. సూడు మే, ఇంగ్లీషోళ్లు మీ మామను గూడా మా జట్టులో కలిపేసినారు!"

సాయంత్రం మామగారు తోట నుంచి వచ్చారు. అత్త వాకిట్లోంచే కేకేసింది: "అమ్మే, హ్యాజ్ వచ్చింది, కాఫీ పెట్టు!"

"హ్యాజ్ అంటే ఏంది మే?" అన్నారాయన నాతో.

"ఇంగ్లీషులో మర్యాద మాట మామా" అన్నాను.

ఆయన మీసం దువ్వుకున్నారు.

మీ ఇళ్లలో హ్యాజ్ ఎవరో కామెంట్లలో ధైర్యంగా చెప్పండి. మా మామగారు ఫేస్‌బుక్‌లో లేడు.