తీగ కింద నుంచి

మా తమ్ముడు లాడీ ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే, ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ అని చెప్పి వెంటనే మాట మార్చేదాన్ని. మార్చకపోతే రెండో ప్రశ్న వచ్చేది: "అలాగా! టీవీలో ఎప్పుడూ కనపడలేదే?" ఎలా కనపడతాడు? మా అమెరికా ఫుట్‌బాల్ బంతిని చేత్తో విసిరే ఆట. జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లు ముగ్గురుంటారు. కేకేసి బంతి అందుకుని విసిరేది ఒక్కడే. రెండోవాడు ఆ మొదటివాడి మోకాళ్ళ వంక చూస్తూ మైదానం గట్టున నిలబడతాడు. మూడోవాడు ఆ రెండోవాడి వంక చూస్తూ నిలబడతాడు. మా లాడీ ఆ మూడోవాడు.

అలాగని ఊరికే తిని కూర్చునే ఉద్యోగమేం కాదు. వాడి పనంతా వారం మధ్యలో ఉండేది. వచ్చే ఆదివారం ఏ జట్టుతో ఆట ఉందో, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ వేషం వాడు కట్టాలి. అతనిలా నడవాలి, అతనిలా అరవాలి, అతనిలా విసరాలి. మనవాళ్ళు వాడిమీద పడి సాధన చేస్తారు. అవతలివాడు ఎడమచేతివాటం అయితే లాడీ ఇంట్లో చెంచా కూడా ఎడమచేత్తోనే పట్టేవాడని వాడి పెళ్ళాం జోనీ మొత్తుకునేది. వాడు ఫోన్ చేస్తే నాన్న, బాగున్నావా అని అడిగేవాడు కాదు. "ఈ వారం ఎవడివిరా నువ్వు?" అనేవాడు. లాడీ ఎవడిదో పేరు చెప్పి, వాడి గొంతుతో రెండు కేకలు వేసి వినిపించేవాడు. నాన్న పడీపడీ నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

నాకు మంగళవారమంటే భయం. మనుషుల్ని తీసేసేది ఎక్కువగా ఆ రోజే. దానికోసం ప్రతి జట్టులోనూ ఒక మనిషి ఉంటాడు. మెత్తగా నడిచొచ్చి భుజం తట్టి, "కోచ్ పిలుస్తున్నాడు, నీ పుస్తకం కూడా పట్టుకురా" అంటాడు. ఎత్తుగడల పుస్తకం వెనక్కి ఇమ్మన్నారంటే ఇక సామాను సర్దుకోవడమే. లాడీకి ఆ భుజం తట్టించుకోవడం అలవాటైపోయింది. జోనీ అయితే ఊళ్ళు మారీ మారీ, గిన్నెల పెట్టెలు విప్పడమే మానేసింది. రోజుకి కావలసిన పళ్ళేలు పైకి తీసి, మిగతావి తాడు కట్టిన అట్టపెట్టెల్లోనే ఉంచేది. మంగళవారం ఫోన్ మోగిందంటే నా చేతిలో ఏముంటే అది కింద పడేది.

చివరికి వాడు మా నదికి దిగువనే ఉన్న నగరం జట్టులో చేరాడు. కొడుకు దగ్గరికొచ్చాడని సంతోషించే లోపే నాన్న ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఉక్కు కొలిమి దగ్గర బతుకంతా గడిపిన మనిషి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన సిలిండరు, ముందుగదిలో పడక కుర్చీ. చలికాలం దాటడం కష్టమని డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి చెప్పాడు. నేను నాన్నకి చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకి తెలుసు. ఆయనకి మిగిలింది ఒక్కటే కోరిక. దాన్ని కూడా తిట్టులాగే చెప్పేవాడు.

"దేశంలో ఉన్న ప్రతి వెధవలాగా విసిరాడు వీడు. వీడు వీడిలాగా విసరడం ఒక్కసారి చూసి పోతాను. అదీ ఎక్కువేనా?"

వీడిలాగా అంటే ఏమిటో మా వీధి మొత్తానికీ తెలుసు. మా ఇంటి వెనక సందులో టెలిఫోను తీగలు కిందికి వేలాడుతుండేవి. నాన్న షిఫ్టు దిగొచ్చి, మసి చేతులతోనే లాడీకి బంతి విసరడం నేర్పింది ఆ సందులోనే. బంతి తీగకి తగిలితే పక్కింటి మిసెస్ బొడ్నార్ ఫోన్ కరకరలాడేది. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి మా ఏడు తరాల్నీ ఎత్తిపొడిచేది. అందుకని నాన్న "తీగ కింద నుంచి! తీగ కింద నుంచి!" అని అరిచేవాడు. లాడీ మోచెయ్యి బాగా కిందికి దించి, పక్కవాటుగా, పళ్ళెం విసిరినట్టు విసరడం నేర్చుకున్నాడు. బంతి దూసుకుపోయేది. ఆ తర్వాత దొరికిన ప్రతి కోచూ వాడి మోచెయ్యి పైకెత్తించాడు. ప్రతి వారమూ ఇంకొకడి మోచెయ్యి తగిలించుకుంటూ, వాడిది వాడు ఎక్కడో పారేసుకున్నాడు.

నవంబరులో మొదటివాడి మోకాలు పోయింది. రెండోవాడు ఆటలోకి దిగాడు. లాడీ రెండోవాడయ్యాడు కానీ వేషాలు కట్టే పని మాత్రం తప్పలేదు. శనివారం ఫోన్ చేశాడు.

"ఈ వారం ఎవడివిరా?"

"కార్వర్‌ని నాన్నా. పొడుగు కూత కార్వర్."

కార్వర్ కూత పేరుపడ్డది. క్వార్టర్‌బ్యాక్ ఎన్నో కేకకి బంతి కదుపుతాడో అతని జట్టుకి మాత్రమే తెలుస్తుంది. ఏ జట్టువాడు బంతికన్నా ముందు కదిలినా ఆ జట్టుకి శిక్ష. కార్వర్ మొదటి కేకని సాగదీసి సాగదీసి, రెండోదాన్ని కుక్క మొరిగినట్టు ఠక్కున అరిచేవాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి కదిలేవాళ్ళు. ఆ గాలానికి చిక్కకుండా మనలో అడ్డుకునేవాళ్ళకి తర్ఫీదు ఇవ్వడానికి లాడీ వారమంతా గొంతు చించుకుని అలాగే అరిచాడు.

ఆదివారం నేను క్యాబేజీ, నూడుల్సు వెన్నలో వేయించి హలుష్కీ చేశాను. నాన్న రెండు చెంచాలు తిని పక్కన పెట్టాడు. ఆట సగానికి వచ్చేసరికి ఒక కొండలాంటి మనిషి మన క్వార్టర్‌బ్యాక్ మీద పడ్డాడు. లేచేసరికి అతని భుజం జారి వేలాడుతోంది. కెమెరా గట్టు వైపు తిరిగింది. అక్కడ లాడీ హెల్మెట్ వెతుక్కుంటున్నాడు. అది వాడి చేతిలోనే ఉంది.

"దేవుడా, వీడు!" అన్నాను.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ బిగువు ఇప్పటికీ మర్చిపోలేదు.

లాడీ వంగి నిలబడి కేక వేశాడు. సాగదీసి, సాగదీసి, ఠక్కున. లాడీ ముందున్న మన వరుసకి ఆ తర్ఫీదు లేదు, ఇద్దరు ఉలిక్కిపడి ముందుకి తూలారు. తప్పు జరిగిందని పసుపు గుడ్డ పడింది. అయిదు గజాలు వెనక్కి. మళ్ళీ నిలబడ్డాడు. మళ్ళీ అదే కూత. ఈసారి మరొకడు తూలాడు. మరో అయిదు గజాలు. మన మైదానంలో మన జనమే వాణ్ణి ఛీ కొడుతున్నారు.

"వీడి మొహం మండ! కార్వర్‌లా అరుస్తున్నాడే! మనవాళ్ళకే గాలం వేస్తున్నాడు!" అని నాన్న లేవబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. పెదాలు నీలంగా మారుతున్నాయి.

"టీవీ ఆపేస్తాను నాన్నా. నువ్వు ముందు ఊపిరి తీసుకో."

"ఆపావంటే చెయ్యి విరుస్తా ఇర్మా. నా ఊపిరి సంగతి నాకు తెలుసు. వాడి మోచెయ్యి చూడు నువ్వు."

నాకు వాడి మోచెయ్యి కాదు, సిలిండరు మీటరు ముల్లు కనపడుతోంది. కొడుకు ఆటేమో నవ్వులపాలయ్యేలా ఉంది, తండ్రేమో అది చూస్తూనే పోయేలా ఉన్నాడు. ఏ దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియలేదు. వాణ్ణి ఆడించు అనాలా, ఆట ఆపించు అనాలా?

అప్పుడు జట్టంతా గుండ్రంగా చేరింది. అక్కడ జరిగింది లాడీ తర్వాత చెప్పాడు. బంతి అందించే లెయాటా అని ఒక భారీ మనిషి, వాడి హెల్మెట్ ఊచలు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడట.

"బాబూ, వారమంతా కార్వర్‌వి. ఒప్పుకున్నాం. ఇవాళ ఆదివారం. వేషం విప్పు."

"విప్పితే లోపల ఎవరున్నారో తెలీట్లేదన్నా. అందరి గొంతులూ వస్తున్నాయి, నాది రావట్లేదు."

"మీ నాన్న నిన్ను భోజనానికి ఎలా పిలిచేవాడు? అలా పిలువు. మేం వస్తాం."

మూడోసారి కేక వినపడింది. సాగతీత లేదు, మొరుగుడు లేదు. ఆకలిమీద ఉన్న మనిషి వాకిట్లో నిలబడి విసుగ్గా పిలిచినట్టు, పొట్టిగా, కోపంగా ఉంది. నాన్న తల పైకెత్తాడు.

"అది నా గొంతే," అన్నాడు.

ఎదురువాళ్ళు ముగ్గురు చేతులు పైకెత్తి లాడీ మీదికి దూకారు. మీదనుంచి విసరడానికి సందు లేదు. వాడి మోచెయ్యి కిందికి దిగింది.

"తీగ కింద నుంచి!" నాన్న గావుకేక పెట్టాడు. గొట్టం ఊడిపోయింది. నేను మోకాళ్ళమీద కూర్చుని దాన్ని మళ్ళీ ముక్కుకి తగిలిస్తున్నాను. టీవీలో జనం హోరెత్తారు. బంతి ఎవరు పట్టారో, ఎంతదూరం పరుగెత్తారో నేను చూడలేదు. నాన్న చూశాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారి గొట్టంమీద పడుతుంటే నేను నాన్నని చూశాను.

ఆ ఆట ఓడిపోయాం. లాడీ తర్వాత కొన్ని మంచివి విసిరాడు, ఒకటి శత్రువు చేతిలో పెట్టాడు. సోమవారం ఫోన్ చేశాడు.

"మొదటి రెండుసార్లూ ఎవడివిరా?"

"కార్వర్‌ని నాన్నా. సిగ్గేస్తోంది."

"తర్వాత?"

"తర్వాత ఎవరూ గుర్తురాలేదు నాన్నా."

నాన్న రిసీవరు గుండెకి ఆనించుకున్నాడు. చివరికి నేనే అందుకుని వాడికి వీడ్కోలు చెప్పాను.

మంగళవారం ఫోన్ మోగింది. నా చేతిలోంచి గిన్నె పడలేదు, ముందే బల్లమీద పెట్టేసి కూర్చున్నాను. మెత్తగా నడిచే మనిషి వచ్చి వెళ్ళాడని జోనీ చెప్పింది. అనుభవమున్నవాణ్ణి ఇంకొకణ్ణి తెచ్చుకున్నారట. నాన్నకి ఎలా చెప్పాలా అని సాయంత్రం దాకా కుమిలిపోయాను. చెప్పే అవసరం రాలేదు. లాడీ, జోనీ వ్యాను నిండా అట్టపెట్టెలతో వాకిట్లో దిగారు.

నాన్న వాణ్ణి ఎగాదిగా చూశాడు. అడగొద్దని నేను సైగ చేశాను. ఆయన నా మాట ఎప్పుడు విన్నాడు గనక?

"ఈ వారం ఎవడివిరా నువ్వు?"

"ఎవణ్ణీ కాదు నాన్నా. పుస్తకం ఇచ్చేసి వచ్చా."

నాన్న రెండు మూడు ఊపిర్లు కూడదీసుకున్నాడు.

"అయితే పెట్టెలన్నీ విప్పమను ఆ పిల్లని," అన్నాడు.

జోనీ కోటు కూడా తీయకుండా అక్కడే నేలమీద చతికిలబడి, మొదటి పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టింది.